బెల్టు ఆగిన పది నిమిషాలు

ఆదోనిలో పత్తి నుంచి గింజ వేరుచేసే ఒక జిన్నింగు మిల్లులో నన్ను ఆడకూలీల మీద మేస్త్రిగా వేశారు. పని మానేయడానికి మూడేళ్ల ముందు, దీపావళి దాటి పత్తి బండ్లు రావడం మొదలైన వారంలో. నేను చదివింది మూడో తరగతి. మేస్త్రి పనికి అది చాలు. కళ్ళు బాగుండాలి, నోరు ఇంకా బాగుండాలి.

పని ఇది. గింజ పత్తి కుప్ప మీంచి బెల్టు ఎక్కేలోగా పన్నెండు మంది ఆడవాళ్ళం ఆకు, పుల్ల, వెంట్రుక, గోనె పీచు ఏరేస్తాం. అన్నిటికంటే చెడ్డది రంగుదారం. ఒక్క పోగు దూదిలో కలిసినా నూలు మిల్లువాళ్ళు బేలు మొత్తం వెనక్కి పంపుతారు. అందుకని గాజులు, రిబ్బన్లు, చేతిదారాలు గేటు దగ్గరే తీయించేదాన్ని. తలకు తెల్లగుడ్డ తప్పదు. కొనడం దండగని మా ఆయన పాత పంచె ఒకటి చింపి పన్నెండు తలలకూ సరిపెట్టాను.

రోజూ పదకొండుకి నూనె వేయడానికి ఫిట్టరు బెల్టు ఆపేవాడు. ఆ పది నిమిషాలు మేము గోడవార చాపలు వేసుకుని కూర్చుని కళ్ళు మూసుకునేవాళ్ళం. తెల్లారింది మొదలు పొయ్యి, నీళ్ళు, ఆటో. దేవుణ్ణి పలకరించడానికి మాకు దొరికిన వేళ అదొక్కటే. నేను ఉరుకుంద ఈరన్నతో, నా పక్కన ఖాసింబీ అల్లాతో, ఎవరి దేవుడితో వాళ్ళం. పక్కవాళ్ళతో మాట్లాడితే మాత్రం ఊరుకునేదాన్ని కాను.

కొత్త సూపర్‌వైజర్ వీరేశప్పకు ఇది నచ్చలేదు. సూపర్‌వైజర్ అంటే మేస్త్రికి పైవాడు, మేనేజరుకు కిందివాడు. మధ్యలో ఉన్నవాడికి కంగారెక్కువ. ఒకరోజు బెల్టు ఆగగానే వచ్చి, గోడకానుకుని గురక పెడుతున్న ఖాసింబీని చూపించాడు.

“ఇదేం ప్రార్థన అవ్వా? నిద్రపోతాంది!”

“ఆమె సెప్పేదంతా సెప్పేసిందప్పా. ఇప్పుడు దేవుడు సెప్పేది ఇంటాంది,” అన్నాను.

అందరూ కిసుక్కుమన్నారు. ఆయనకు కోపం వచ్చింది. రేపటి నుంచి ఆ పది నిమిషాలూ మిల్లు ఊడ్వాలన్నాడు. అంతటితో ఆగక, మేము ఏరిన తీరు చూస్తానని కుప్పలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి కెలికాడు.

చెయ్యి పెట్టినప్పుడు ముంజేతికి ఎర్రదారం ఉంది. ముందురోజే ఉరుకుంద వెళ్ళి కట్టించుకొచ్చాడు. పైవాడు కాబట్టి గేటు దగ్గర ఎవరూ తీయమనలేదు. చెయ్యి తీసినప్పుడు దారం లేదు.

వెంటనే చెప్పాలా, కాసేపాగి చెప్పాలా అని ఆలోచించిన మాట నిజం. చెప్పాను. ఆయన ముఖం పాలిపోయింది. రెండు చేతులతో కుప్ప మీద పడబోయాడు.

“ఆగప్పా! అట్ల కెలికితే ఇంకా లోపలికి పోతాది.”

పత్తి అంతే. తొందరపడే చేతికి దారం దొరకదు, చుట్టుకుని కిందికి దిగుతుంది. పొర మీద పొర తీయాలి. దానికి చెయ్యి వణకకూడదు.

“మరి యేం సేయాల?”

“బెల్టు ఆగే ఉండాది. దారానికి కాళ్ళు లేవు. వచ్చి మా పక్కన కూసో, పది నిమిషాలు.”

“ఇప్పుడా?”

“ఇప్పుడే. అది స్వామి దారమే కదా, యాడుందో ఆయన్నే అడుగు.”

కూర్చున్నాడు. ఒక కన్ను తెరిచి కుప్పనే చూస్తున్నాడు. నేను దగ్గాను, మూసుకున్నాడు. ఇంతలో ఖాసింబీ లేచి, “ఈయప్ప ఎప్పుడు సేరినాడక్కా మన జమాత్‌లో?” అంది. నోరు మూయమన్నాను. దారం దొరకాలని ఈరన్నను వేడుకున్నాను. పది నిమిషాలు నిండాకే దొరకాలని కూడా అడిగాను.

ఫిట్టరు బెల్టు వేయబోతే వీరేశప్పే చెయ్యెత్తి ఆపాడు. నలుగురం పొరలు తీశాం. పావుగంటకు ఖాసింబీ రెండు వేళ్ళతో ఎర్రదారం పైకి లాగింది.

ఊడ్చే మాట ఆయన మళ్ళీ ఎత్తలేదు. మరుసటి వారం గోడవార పదమూడో చాప కావాల్సి వచ్చింది. ఇంటినుంచి తెచ్చుకోమన్నాను.

నాకు తెలిసింది ఇంతే. దేవుడి దగ్గర కూర్చుంటే పని తగ్గదు, చెయ్యి నిలకడగా ఉంటుంది. మిల్లు మానేశాక నా పని ఆపే ఫిట్టరు ఎవరూ లేరు. అందుకని పదకొండు కాగానే మిక్సీ నేనే ఆపుతాను. కోడలు పిలిచినా పది నిమిషాలు పలకను.