పేరు లేని శిఖరానికి దరఖాస్తు

రిటైర్ కావడానికి రెండేళ్ళ ముందు నన్ను తార్నాక పక్కనున్న మా యూనివర్సిటీ భూగోళశాఖలో పటాల గదికి ఇన్‌చార్జిగా వేశారు. అంతకుముందంతా పటాలు గీసినవాణ్ణే. ఆ ఎండాకాలమే మా ఎమ్మే విద్యార్థిని స్వప్న హిమాలయాల్లో ఒక శిఖరం ఎక్కుతూ మంచు విరిగిపడి చనిపోయింది.

నెల తర్వాత వాళ్ళ నాన్న మల్లయ్య అంబర్‌పేట నుంచి వచ్చారు. సిటీ బస్సు డ్రైవరు. పటంలో ఆ శిఖరానికి పేరు లేదు, ఎత్తు తెలిపే అంకె ఒక్కటే ఉంది.

"దానికి నా బిడ్డ పేరు పెట్టుండ్రి సార్" అన్నారు.

పెట్టరు. ఇప్పుడు కొత్తగా మనుషుల పేర్లు పటంలోకి ఎక్కవు. అక్కడుండేవాళ్ళు ఏమని పిలుస్తారో అదే రాస్తారు. ఈ రూలు నాకు కొట్టినపిండి. అయినా ఆయన మొహం చూస్తే నోరు రాలేదు. సర్వే పెద్దాఫీసుకు రాస్తాను, చూద్దాం అన్నాను. ఫారంలో 'స్థానికులు ఏమంటారు' అన్న గడిని ఖాళీగా వదిలేసి పంపాను.

ఆయన ప్రతి సోమవారం డ్యూటీ దిగి వచ్చేవారు. ఆ అంకె మీద వేలు పెట్టి కాసేపు నిలబడి, చాయ్ తాగి వెళ్ళేవారు. కొన్నాళ్ళకు కుదరదని జవాబు వచ్చింది. సొరుగులో పడేశాను. ఇంకా రాలేదని నాలుగు నెలలు అబద్ధమాడాను. సిగ్గుమాలిన పని.

సంవత్సరీకం నాడు తార్నాక చౌరస్తాలో ఫ్లెక్సీ కనబడింది. స్వప్న ఫొటో, వెనక మంచుకొండ, 'స్వప్న శిఖరం' అని పెద్ద అక్షరాలు. కింద నా పేరు రాసి కృతజ్ఞతలు. పేరు ఖాయమైనట్టేనని బస్తీవాళ్ళతో కలిసి మల్లయ్యే కట్టించారు.

సొరుగులోని జవాబు ఉత్తరం తీసుకుని నేరుగా వాళ్ళింటికి వెళ్ళి, కుదరదన్న ముక్క చదివి వినిపించాను.

"మొదలే కాదంటే గప్పుడే ఏడ్సి ఊకుంటుంటి గద సార్. ఇప్పుడు బస్తీల అందరికి ఏమని చెప్పాలె?"

మళ్ళీ ఆయనే, "మరి గాడ ఉండెటోళ్లు దాన్ని ఏమంటరంట?" అని అడిగారు.

అదీ ఉత్తరం చివర ఉంది. అక్కడి కాపరులు తమ భాషలో దాన్ని గొర్రెలు మళ్ళే కొండ అంటారట. చెప్పాను. ఆయన ఒక కాగితం తెచ్చి ఆ పేరు రాసిమ్మన్నారు.

"నీ బిడ్డ యాడ పోయిందని అడిగితే చెప్పనీకి పేరు లేకుండె సార్. గందుకే అడిగిన."

కాదనవలసింది మొదటి రోజే కాదనాలి. కనుక్కోకుండా ఫారంలో ఏ గడినీ ఖాళీగా పంపకూడదు. ఆయనకు కావలసిన పేరు నాలుగు నెలలు నా సొరుగులోనే ఉంది.