అత్తయ్య వేయించిన మూడు

మా మేనత్త పోయిన మంగళవారం పొద్దున గుండెపోటుతో చనిపోయింది. గుంటూరు ఆసుపత్రికి ఫోను చేసి చెబితే, మిగిలిన మాత్రలూ డైరీ తీసుకురమ్మన్నారు డాక్టరుగారు. ఆ మాట వినగానే ఏడుపు ఆగిపోయింది. ఆ డైరీలో ఉన్న రాత నాది.

అత్తయ్య చిలకలూరిపేట దగ్గర మా ఊళ్లో ముప్పై ఏళ్లు కూలీల వరసలో కూర్చుని మిరపకాయలకు తొడిమలు, అదే ముచ్చికలు, తీసింది. నేను బడి నుంచి రాగానే, చేతులకు కారం ఉంటుందని మోచేత్తో నా తల నిమిరేది. అమ్మ లేని నాకు ఆ మాత్రం చాలు. తర్వాత తర్వాత ఆమె వేళ్లు కీళ్లవాతంతో వంకర తిరిగాయి.

వారానికోసారి వేసుకునే పాత మందు చాలక, దానికి తోడు ఇంకో మాత్ర ఇచ్చి చూసే గుంటూరు ఆసుపత్రి పరీక్షలో చేరింది. అది అసలు మందో, మందు లేని ఉత్త మాత్రో ఆమెకూ తెలియదు, ఇచ్చే డాక్టరుగారికీ తెలియదు. నాకు భయమేసి వందసార్లు వద్దన్నాను.

"నాకు కాకపోయినా, నా పక్కన కూచునేవాళ్లకి పనికొచ్చుద్దిలేవే," అంది.

నెలకోసారి గుంటూరు వెళ్లే రోజు పొద్దున, నొప్పి పదికి ఎంత ఉందో డైరీలో వేయాలి. ఆమె పెన్ను పట్టుకోలేకపోయేది కాబట్టి ఆ పని నాది.

"మూడు వెయ్యి."

"మూడేంటత్తా? గ్లాసు కూడా పట్టుకోలేకపోతున్నావు!"

"ఆ డాక్టరమ్మ ఎంతో ఆశగా అడిగిద్ది, తగ్గిందా అమ్మా అని. తగ్గలా అని మొహమ్మీద ఎట్టా చెప్పేది? వెయ్యవే."

మీరు నవ్వుకోవచ్చు గానీ, మందిచ్చిన మనిషిని చిన్నబుచ్చడం మావాళ్లకు చేతకాదు. నాకూ చేతకాలేదు. ప్రతి నెలా మూడే వేశాను.

అది చూసి డాక్టరుగారు సంతోషించేవారు. ఆవిడ సంతోషం చూసి అత్తయ్య మురిసిపోయేది. తిరుగు బస్సులో నాకు మాత్రం ఒకటే కంగారు. పనిచేయని మాత్రను పనిచేసిందని రాసుకుని, రేపు అత్తయ్య పక్కన కూర్చునేవాళ్లకే ఇస్తే? వచ్చే నెల నిజం చెప్పేద్దామనుకునేదాన్ని. ఆమె మీద కోపం వచ్చేది, నా మీద ఇంకా ఎక్కువ వచ్చేది.

నిన్న వెళ్లి మాత్రలూ డైరీ ఇచ్చాను.

"ఇందులో మూడని ఉన్నవేవీ నిజం కావండి," అన్నాను.

డాక్టరుగారు కోప్పడలేదు. పేజీలు మెల్లగా తిప్పి, పెన్ను తీసుకున్నారు.

"మరి అసలు ఎంత ఉండేదమ్మా?"

"అంకె నాకు తెలియదండి. ఇవి రాసిన ప్రతి పొద్దునా ఆమె జాకెట్ హుక్కులు నేనే పెట్టాను."