చంటిదాని కడుపులో తువ్వాలు

జూలో అందరూ ఆవిడను పెద్దమ్మ అనే పిలుస్తారు. పాతికేళ్లుగా కోతుల బోన్ల దగ్గర పని. ఎవరిచేతా ఒక్క మాట పడలేదన్న గర్వం ఆవిడకు నిలువెల్లా ఉండేది. కొత్తగా చేరినవాళ్లు గిన్నె సరిగా తోమకపోతే, "ఇందులోనే మీ ఆయనకూ పెడతావా?" అని దులిపేసేది.

తల్లి దగ్గరికి రానివ్వని చింపాంజీ పిల్లను ఒళ్లో పెట్టుకుని పాలు పట్టి పెంచింది ఆవిడే. దానికి చంటిది అని పేరు. నాలుగేళ్లు నిండాక, నమిలి మింగేస్తుంది, బోనులో గుడ్డపీలిక కూడా ఉంచకూడదని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. పెద్దమ్మ తలూపింది. ఊపి, రోజూ ఇంటికెళ్లేముందు తన పాత తువ్వాలు గడ్డి కింద దోపి వచ్చేది. తన వాసన లేనిదే అది పడుకోదని ఆవిడ నమ్మకం. పొద్దున్నే అందరికంటే ముందొచ్చి తీసేసేది.

ఆ పొద్దున తువ్వాలు సగమే దొరికింది.

చంటిది మూలన ముడుచుకుని ఉంది. పొట్ట బిగిసిపోయింది. తాగిన నీళ్లు తాగినట్టే కక్కేస్తోంది. డాక్టరమ్మ ఎక్స్‌రే తీస్తే గాలి తప్ప ఏమీ కనబడలేదు. "మందులేసి రేపటిదాకా చూద్దాం. ఊరికే కోస్తే తట్టుకోలేదు" అంది.

గేటు దగ్గర పనిచేసే మేనల్లుడికి సంగతి తెలుసు. పెద్దమ్మను వరండాలోకి లాగాడు.

"అత్తా, నోరెత్తకు. మూడు నెలల్లో గౌరవంగా రిటైరయ్యేదానివి."

"ఎక్స్‌రేలో గుడ్డ కనబడదట్రా?"

"కనబడదు. అదే నీ అదృష్టం."

"నా అదృష్టం సరే, దాని గతేంట్రా, సన్నాసీ?"

అనడమైతే అనేసింది గానీ, డాక్టరమ్మ ఎదుట నిలబడేసరికి తువ్వాలు మాట దాటేసింది. "ఏదైనా మింగిందేమోనమ్మా" అని నసిగింది.

"మింగడానికి లోపల ఏముంది పెద్దమ్మా? మీ బోను అద్దంలా ఉంటుందిగా!"

ఆ మెప్పు చెంపదెబ్బలా తగిలింది. పెద్దమ్మ నడుము దగ్గర దోపుకున్న సగం తువ్వాలు తీసి బల్లమీద పెట్టింది.

డాక్టరమ్మ అరవలేదు. "ఎప్పటినుంచి?" అంది.

"మీరు వద్దన్న రోజునుంచీ."

ఆపరేషన్ రెండున్నర గంటలు పట్టింది. బయటికొచ్చిన పళ్లెంలో తువ్వాలు నల్లగా, తాడులా మెలితిరిగి ఉంది.

"బతుకుతుందామ్మా?"

"రెండ్రోజులు గడవాలి. మీరు మాత్రం లోపలికి రావద్దు. మిమ్మల్ని చూస్తే ఎత్తుకోమని లేస్తుంది, కుట్లు తెగిపోతాయి."

కాసేపటికి లోపల చంటిదానికి మత్తు వదిలింది. మూలుగుతూ, ఆగి, మళ్లీ పిలిచింది. బదులు పెద్దమ్మ గొంతుదాకా వచ్చింది. తలుపు పక్కన గోడకు చేరగిలబడి, తను అక్కడున్నట్టు దానికి తెలియకుండా, రెండు చేతులతో నోరు నొక్కుకుంది.