చేతులు వాసన చూసిన ఎస్సై

మా అన్నయ్యను ఎస్సై రెండు తగిలించి దారిలో పెట్టాడని మావాళ్లంతా చెప్పుకుంటారు. అబద్ధం. మా అన్నయ్య దారి తప్పిందే లేదు, ఇక పెట్టేదేమిటి?

ఆ కథకు ఈమధ్య మళ్లీ ప్రాణం పోసింది ఒక టీవీ సీరియల్. ఈనాటి పోలీసు అధికారి ఒకడు కాలంలో వెనక్కి వెళ్లి తొంభైల నాటి స్టేషన్లో తేలతాడు. సెల్‌ఫోన్ లేదు, సీసీ కెమెరా లేదు. అక్కడ మీసాల ఇన్‌స్పెక్టర్ ఒకడు, ఇల్లు తగలబెట్టిన కేసులో అనుమానం వచ్చినవాడి చెయ్యి పట్టుకుని వాసన చూస్తాడు. కిరోసిన్! చెంప ఛెళ్లుమంటుంది. వాడు ఒప్పుకుంటాడు. మన కాలపు అధికారి గుడ్లప్పగించి చూస్తాడు.

ఆదివారం గుంటూరులో అన్నయ్య ఇంట్లో భోజనాలయ్యాక అందరం కూర్చుని చూసిన ముక్క అది. అన్నయ్య చప్పట్లు కొట్టాడు.

"అదీ పోలీసంటే! ఇప్పుడున్నారా అలాంటోళ్లు?"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

ఆ తొంభైల్లోనే మా ఊళ్లో ఒకరి కళ్లంలో ఆరబోసిన మిరపకాయలు రాత్రికి రాత్రి మాయమయ్యాయి. మర్నాడు సాయంత్రం జీపు మా ఇంటిముందు ఆగింది. ఎస్సై అన్నయ్య చేతులు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "ఘాటు కొడతా ఉందిరా," అన్నాడు. కొట్టదూ? మిరప కోతల కాలం. కంట్లో నలుసు పడితే ఊరంతా మోచేత్తో తుడుచుకునే రోజులు. చంటిపిల్లను ఎత్తుకోవడానికి తల్లులే భయపడేవాళ్లు. ఘాటే సాక్ష్యమైతే ఊరంతటినీ జీపెక్కించాలి.

పైగా దొంగతనం జరిగిన రాత్రి అన్నయ్య ఊళ్లోనే లేడు. నా డిగ్రీ పరీక్షకు తోడొచ్చి చీరాలలో పిన్నిగారింట్లో పడుకున్నాడు. పొద్దున తిరిగొచ్చి మా సొంత కాయలు బస్తాలకెత్తాడు, అంతే. ఆ మాట చెప్పడానికి, నాన్న వద్దంటున్నా వినకుండా స్టేషన్‌కు వెళ్లాను. ఎస్సై నవ్వాడు.

"అన్న గురించి చెల్లెలు చెప్పేది సాక్ష్యమా? పోయి చదువుకోమ్మా."

లోపల్నుంచి దెబ్బల చప్పుడు. తర్వాత అన్నయ్య గొంతు: "నేనే తీశాను సార్!"

నాన్న మా కాయలే ఆ కళ్లం వాళ్లకు పోసి రాజీ చేసుకున్నాడు. అసలు దొంగను ఎవరూ వెతకలేదు. ఎందుకు వెతుకుతారు, దొరికాడు కదా!

నేను లేచి రిమోట్ అందుకుని టీవీ కట్టేశాను.

"ఆ రాత్రి నువ్వు చీరాలలో ఉన్నావు," అన్నాను అన్నయ్యతో.

"మళ్లీ మొదలెట్టావా తల్లీ! రెండు పడ్డాయి, బుద్ధొచ్చింది, బాగుపడ్డా. ఎవరికే నష్టం?"

"ఏం బుద్ధొచ్చింది? సొంత కాయలు కూడా ముట్టుకోకూడదనా?"

వదిన కిసుక్కున నవ్వింది. అన్నయ్య కూతురు మాత్రం నవ్వలేదు. లా చదువుతోంది. తండ్రి కుర్రతనంలో చేతివాటం చూపించినవాడనే వింటూ పెరిగిన పిల్ల.

"నాన్నా, నువ్వు నిజంగా తియ్యలేదా?"

అన్నయ్య ఆ పిల్ల మొహం చూడలేదు. "పాతవన్నీ ఇప్పుడెందుకమ్మా," అని నా చేతిలో రిమోట్ లాక్కుని టీవీ పెట్టాడు. ఆ పిల్ల లేచి లోపలికి వెళ్లిపోయింది. సీరియల్ అయిపోయేదాకా బయటికి రాలేదు.

స్టేషన్లో దెబ్బలకు ఓర్చుకోలేక ఒప్పుకున్నావు, సరే. ఆ కొట్టినవాడు లేడు, ఆ స్టేషన్ లేదు. మరి కన్నకూతురు నోరు తెరిచి అడుగుతుంటే, ఇప్పటికీ ఎవరికి భయపడి దొంగగానే ఉంటున్నావు అన్నయ్యా?