ప్రధానిని చూడబోయి కోదాడలో కండువా వేయించుకున్న రోజు

నేను సూర్యాపేట దగ్గర ఒక ప్రభుత్వ పాఠశాలలో సోషల్ టీచర్ని. ఒంటిపూట బడుల రోజుల్లో తొమ్మిదో తరగతికి పార్లమెంటు పాఠం చెబుతున్నాను. ప్రధానమంత్రిని మనం నేరుగా ఎన్నుకోమనీ, మన ఓటు మన ఎంపీకనీ, ఎక్కువమంది ఎంపీల మద్దతు ఉన్న నాయకుడు ప్రధాని అవుతాడనీ బోర్డు మీద బాణాలు గీసి మరీ వివరించాను. అంతా విన్నాక ముందు బెంచీ పిల్ల లేచి, "మేడం, మీరు ప్రధానిని ఎప్పుడన్న సూసిన్రా?" అని అడిగింది. పంతొమ్మిదేళ్ళుగా అదే పాఠం చెబుతున్నాను, టీవీలో తప్ప చూడలేదు. ఆ ఆదివారమే మిర్యాలగూడలో ప్రధాని ఎన్నికల సభ ఉంది. పనిలో పనిగా సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడు ఊళ్ళలో ప్రచారం ఎలా సాగుతోందో ఒక్క రోజులో చూసి, అలాంటి ఆసక్తి ఉన్నవాళ్ళ కోసం ఇక్కడ రాద్దామనుకున్నాను.

మావారికి ఏ పార్టీ గొడవా పట్టదు. ఆయన ఒక్కటే అన్నారు: "సోమవారం పోలింగ్ ట్రైనింగ్ పెట్టుకొని ఆదివారం సభకు పోతవా? ఎవడన్న సూస్తే?" ఎన్నికల డ్యూటీ ఉన్న ఉద్యోగి ఏ పార్టీ కార్యక్రమంలోనూ పాల్గొనకూడదు. పాల్గొన్నట్టు రుజువైతే సస్పెన్షన్. ఆ సంగతి నాకు తెలియంది కాదు. దూరంగా నిలబడి వింటే పాల్గొన్నట్టు కాదని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. కోరి కొరివితో తల గోక్కోవడమంటే ఇదేనని అప్పుడు తోచలేదు.

ఆ రోజు కిరాయికి కారు దొరకడమే గగనమైంది. ఊళ్ళో ఉన్న బండ్లన్నీ పార్టీలు మాట్లాడేసుకున్నాయి. ఆడవాళ్ళకు బస్సులో టికెట్ లేని మాట నిజమే గానీ, సగం బస్సులు జనాన్ని సభకు తరలించే పనిలో ఉన్నాయి. చివరికి సైదులు అనే డ్రైవరు మూడు వేల ఐదు వందలకు రోజంతా తిప్పుతానన్నాడు, డీజిల్ అతనిదే. ప్రచారానికి తిరిగే బండికి అద్దం మీద పర్మిషన్ కాగితం అంటించాలట, అతనికి అది రాలేదు. "గా కాగితం రాలే కాబట్టే మీకు దొరికిన మేడం" అని నవ్వాడు. ఉదయం ఏడింటికి బయలుదేరాం. కొత్త బస్టాండు ముందు అప్పటికే మూడు రంగుల ప్రచార ఆటోలు ఒకదాని పక్కన ఒకటి నిలబడి, ఒకదాని పాట ఒకదానికి వినపడకుండా మోగుతున్నాయి. డ్రైవర్లు ముగ్గురూ మాత్రం ఒకే బండి దగ్గర ఇడ్లీ తింటున్నారు.

మిర్యాలగూడకు నేరుగా పోయే రోడ్డు సభ బండ్లతో నిండిపోతుందని సైదులు హైవే మీదుగా కోదాడ వైపు తిప్పాడు. నా పథకం కూడా అదే. కోదాడ యాభై నిమిషాల దారి. ఓటు ఎవరికని అడగకూడదు గనక, ఈసారి ఎలా ఉందని మాత్రం అడిగాను. "నిలబడ్డ ఎంపీ పేరు నాకు తెల్వది మేడం. ఢిల్లీల ఎవరు కూసోవాల్నో సూసి ఏస్తం. గంతే" అన్నాడు. నా బాణం గుర్తులన్నీ వృథా అయినట్టనిపించింది. ఎంపీ ఎవరో తెలియకుండా ఎలా అంటే, "ఎంపీ మా ఊరికి అయిదేండ్లకొకసారి వస్తడు, ప్రధాని రోజు టీవీల కనపడ్తడు. ఎవరు దగ్గరోళ్ళు చెప్పుర్రి?" అన్నాడు.

అసలు కథ కోదాడలో మొదలైంది. ఎనిమిది కావస్తోంది. ప్రయాణాల్లో ఆడవాళ్ళకుండే మొదటి ఇబ్బంది బాత్రూమే. బైపాస్ పక్కన ఒక ఫంక్షన్ హాలు తెరిచి ఉంటే, పెళ్ళేదో జరుగుతోందనుకుని సైదులు అక్కడ ఆపాడు. వెనక గేటు దగ్గరి వాచ్‌మన్ను అడిగి లోపలికి వెళ్ళొచ్చాను. తిరిగి వచ్చేసరికి ఆ గేటుకు తాళం వేసేశారు, హాల్లోంచే బయటికి రావాలి. లోపల అడుగుపెట్టాక గానీ అది పెళ్ళి కాదని తెలియలేదు. వేదిక మీద ఫ్లెక్సీ ఉంది: మూడు వందల మంది మహిళల చేరిక. హాల్లో ఉన్నది చూస్తే నూట యాభై మంది కూడా లేరు.

చేరికలంటే తెలియని వాళ్ళకు చెబుతాను. ఎన్నికల రోజుల్లో మా వైపు ఒక పార్టీ నుంచి ఇంకో పార్టీకి మనుషుల్ని గుంపులుగా చేర్చుకుంటారు. నాయకుడు మెడలో కండువా వేస్తాడు, ఫోటో తీస్తారు, చేరిక అయిపోయినట్టే. పేరు అడగరు, సంతకం ఉండదు. ఫ్లెక్సీ మీద ఎంత రాశారో అంత మందిని చూపించే బాధ్యత మండలం ఇన్‌చార్జ్‌ది. ఇక్కడి ఇన్‌చార్జ్ పేరు వెంకన్న. చెమటలు కక్కుతూ హాలంతా ఉరుకుతున్నాడు. గోడ వెంబడి బయటికి నడుస్తున్న నన్ను చూసి, "అక్కా, గాడ కాదు, గిట్ల లైన్ల నిలబడుర్రి. సార్‌కు టైం లేదు" అంటూ చెయ్యి అడ్డం పెట్టి ఆడవాళ్ళ వరుసలోకి మళ్ళించాడు.

నేను కాదనాలి. ఊరి పిల్లలందరినీ అదిలించేదాన్ని, తల వంచుకుని వరుసలో నిలబడ్డాను. టీచర్నని చెబితే టీచరు కూడా వచ్చిందని ఇంకా పెద్ద కబురవుతుందని భయం. వరుస జరుగుతోంది, వెనకవాళ్ళు తోస్తున్నారు. నా ముందు నలభై ఏళ్ళ సన్నపాటి ఆమె ఉంది. ఇదేం మీటింగని నెమ్మదిగా అడిగాను.

"లోన్ల మీటింగని మా డ్వాక్రా గ్రూపోళ్ళు తీసుకొచ్చారమ్మా. మాది చిలుకూరు. నా పేరు మార్తమ్మ. నేను అంగన్‌వాడీలో ఆయాని, నాకిట్టాంటియి ఎయ్యకూడదంటారు గదమ్మా. చెప్తే ఎవరూ ఇనట్లేదు" అంది. ఇంతలో నాయకుడి ముందుకు వచ్చేశాం. ఆమె మెడలో ఒకటి, నా మెడలో ఒకటి పడ్డాయి. వెంకన్న ఫోన్ పైకెత్తి "ఇటు సూడుర్రి" అన్నాడు. నేను చూశాను. చూడటమే కాదు, రెండు చేతులూ జోడించి నవ్వాను కూడా. బడిలో ప్రతి ఏటా గ్రూప్ ఫోటో దిగి దిగి, కెమెరా కనబడితే నవ్వడం అలవాటైపోయింది.

బయటికి రాగానే కండువా తీసి గుమ్మం దగ్గర కుర్చీ మీద పడేశాను. మార్తమ్మ తనది మడిచి చేతిలో పట్టుకుని నా వెనకే వచ్చింది. "ఫోటోలో పడ్డానా అమ్మా? నా ఉజ్జోగం పోతదమ్మా" అంది. "మనం చివర్న ఉన్నాం, పడి ఉండం. ఏం కాదు, వెళ్ళు" అన్నాను. నాకే నమ్మకం లేని మాట. కానీ ఆమె నమ్మింది.

హుజూర్‌నగర్ అరగంట దారి, అక్కడ టీ తాగాం. నేరేడుచర్ల దాటేదాకా రెండు పక్కలా వరికోతలు, ధాన్యం లారీలు. ప్రచారం చూద్దామని వచ్చినదాన్ని, ఏ గోడ మీద ఏముందో ఒక్కటీ గుర్తు లేదు. నేరేడుచర్ల రైసు మిల్లుల దగ్గర బండి ఆపినప్పుడు సైదులు తన ఫోన్ చూసి, "మేడం, మీరు గిండ్ల ఉన్నరు" అన్నాడు. అతనున్న పార్టీ మండలం వాట్సాప్ గ్రూపులో వెంకన్న పెట్టిన ఫోటో. ఎడమ చివర నేను, చేతులు జోడించి, పళ్ళన్నీ కనబడేలా నవ్వుతూ. కింద ఒక వాక్యం: సాయంత్రం ఐదుకు పేపర్లకు పంపబడును. మర్నాడు జిల్లా ఎడిషన్‌లో అది వస్తే, ట్రైనింగ్ హాల్లో నా పక్కన కూర్చునే వాళ్ళందరి చేతుల్లోనూ అదే పేపరు ఉంటుంది. ఇల్లు కట్టిన అప్పు ఇంకా తీరలేదు, మా అత్తగారి మందులు నా జీతం మీదే. అన్నీ ఒక్కసారిగా కళ్ళ ముందు తిరిగాయి.

"పరేషాన్ కాకుర్రి. వెంకన్న మా ఊరోడే. ఆయన గుడ బస్సులల్ల జనాన్ని గీ సభకే తోల్కొస్తుండు. తన బస్సుల కాడనే ఉంటడు, జనాన్ని మళ్ళా ఎక్కియ్యాలె గదా" అన్నాడు సైదులు. మిర్యాలగూడ చేరేసరికి పదకొండున్నర. ఊరికి రెండు కిలోమీటర్ల ఇవతలే పోలీసులు బండ్లు ఆపేసి ఒక రైసు మిల్లు ఆవరణలోకి మళ్ళిస్తున్నారు. అక్కణ్ణుంచి నడకే. గేటు దగ్గర నీళ్ళ సీసాలు, గొడుగులు, నల్ల రంగు గుడ్డలు లాక్కుంటున్నారు. ఫోన్లు కలవడం లేదు. ఆ ఎండలో బస్సుల వరుసల మధ్య రెండు గంటలకు పైగా తిరిగాం. ఎదురొచ్చిన ప్రతివాడూ నా ముఖం గుర్తుపట్టి చూస్తున్నట్టే ఉంది. ఇద్దరు కానిస్టేబుళ్ళు మామూలుగా నా వైపు తిరిగినా బస్సు వెనక్కి తప్పుకున్నాను.

రెండు గంటల ప్రాంతంలో హెలికాప్టర్ దిగింది. జనమంతా లేచి కేకలు. ఎక్కడో దూరాన పెద్ద తెర మీద ప్రధాని చెయ్యి ఊపుతుంటే ఒక్క క్షణం చూశాను. ఆయన ఏం మాట్లాడారో ఒక్క ముక్క చెవికెక్కలేదు. సరిగ్గా అప్పుడే ఒక బస్సు నీడలో మజ్జిగ ప్యాకెట్లు పంచుతూ వెంకన్న దొరికాడు.

నేను ఎవరన్నది చెబితే అతని చేతికి చిక్కినట్టే. అందుకని దారిపొడుగునా ఆలోచించిన అబద్ధం చెప్పాను. "అన్నా, మా ఆయనది వేరే పార్టీ. ఈ ఫోటో చూస్తే ఇంట్లో ఉండనివ్వడు." వెంకన్న పకపకా నవ్వాడు. "అట్లనా అక్కా! ఇంట్ల లొల్లి మాకెందుకు? మా ఇంట్ల గుడ గదే కథ, నా పెండ్లాం పుట్టింటోళ్ళది అవతలి పార్టీ" అంటూ గ్రూపులో ఫోటో ఎవరికీ కనపడకుండా తీసేశాడు. నా ముందే ఎడమ పక్క కత్తిరించి, "సూడుర్రి, మీరు లేరు ఇగ. గిదే పేపర్లకు పోతది" అని చూపించాడు.

ప్రాణం లేచొచ్చింది. ఆ తర్వాత చూశాను. నన్ను కత్తిరించిన చోట ఇప్పుడు అంచున మార్తమ్మ ఉంది. కండువా తీయబోతున్న చెయ్యి గాల్లో ఉంది, నోరు కొంచెం తెరుచుకుని ఉంది. చూసేవాళ్ళకు నినాదం ఇస్తున్నట్టే ఉంటుంది. ఇంకొంచెం కత్తిరించమని అడగొచ్చు. కానీ ఆమె ఎవరు, నీకేమవుతుంది అంటే ఏం చెప్పాలి? నా అబద్ధం నా ఒక్కదానికే సరిపోయింది. దొంగకు తేలు కుట్టినట్టు నోరు మూసుకున్నాను. "సంతోషం అన్నా" అని దండం కూడా పెట్టాను. నాలుగున్నరకు బయలుదేరి, నేరుగా వచ్చే దారిలో చీకటి పడకముందే ఇల్లు చేరాను.

సోమవారం ట్రైనింగులో ఎవరూ నన్ను అడగలేదు. జిల్లా ఎడిషన్‌లో ఫోటో వచ్చింది, నేను లేను. గురువారం ఉండబట్టలేక సైదులుకు ఫోన్ చేశాను. వాళ్ళ అత్తగారిది చిలుకూరే. "కోదాడ అంగన్‌వాడీ ఆఫీసోళ్ళు ఆమెను సెంటరుకు రావొద్దన్నరంట మేడం. లోన్ల మీటింగని పిలిస్తే పోయిన, కండువా బలిమికి ఏసిన్రు అంటున్నదంట. సాక్షి ఎవరంటే, నా ఎన్క ఒక మేడం ఉండె, ఆమెకు అంత చెప్పిన అన్నదంట. ఫోటోల ఆమె ఎన్క ఎవ్వరు లేరు గదా. అబద్ధం ఆడుతున్నదని ఇంకింత గుస్స అయిన్రంట" అన్నాడు.

ఈ నాలుగు రోజులూ నేను బడిలో ఏ పాఠం ఎలా చెప్పానో నాకే తెలియదు. భయం పోతుందని ఫోటోలోంచి నన్ను తీసేయించుకున్నాను, పోలేదు. ఇదివరకు ఉద్యోగం గురించి భయపడ్డాను, ఇప్పుడు నా గురించే భయం వేస్తోంది. ఎవరూ చూడనప్పుడు నేను ఇలా చేసే మనిషినా అని. మార్తమ్మ చెప్పేది నిజమని చెప్పగలిగింది నేనొక్కదాన్నే. చెప్పాలంటే, ఆ వరుసలో నేనూ ఉన్నానని చెప్పాలి. మావారితో అంతా చెప్పాను. ఆయన "భయమైతలేదా?" అని అడిగారు. అవుతోంది అన్నాను.

ఇక ఇటు వెళ్ళేవాళ్ళకు ఒక సలహా. కోదాడలో ఆఫీసు పని ఉంటే సొంత బండి అక్కర్లేదు. సూర్యాపేట కొత్త బస్టాండులో ఎనిమిదిన్నర బస్సు ఎక్కితే ఆఫీసులు తెరిచే వేళకు తీరిగ్గా చేరుకోవచ్చు, అక్కణ్ణుంచి చిలుకూరుకు షేర్ ఆటోలు ఉంటాయి. సోమవారం నేను ఎక్కేదీ ఆ బస్సే. సంచిలో ఒకే ఒక కాగితం ఉంది. ఆ రోజు హాల్లో జరిగింది జరిగినట్టు రాసి, కింద నా పేరు, నా హోదా, మా స్కూలు పేరు రాసి సంతకం పెట్టాను.