లచ్చవ్వ చూపు

పోయినవాళ్ల బొమ్మలు గీసి బతుకుతాను. దయ్యాలకు భయపడితే మా ఇంట్లో పొయ్యిలో పిల్లి లేవదు. అందుకే ఎవరైనా అలాంటి కథలు చెబితే నవ్వి ఊరుకునేదాన్ని. ఇప్పుడు నవ్వడం లేదు.

మాది ఒడిశాలోని బరంపురం. బతుకుతెరువు కోసం సిద్దిపేట వచ్చి ఒక మడిగె, అంటే చిన్న దుకాణం గది, కిరాయికి తీసుకున్నాను. మా ఇంట్లో అందరం తెలుగే మాట్లాడతాం, అయినా ఇక్కడ నేను ‘ఒడిశా మేడం’నే. పుట్టినరోజు ఫ్లెక్సీలు, పెళ్లి పత్రికలు, చీర అంచుల డిజైన్లు కూడా చేస్తాను. చేత్తో గీసే ముఖాలంటే మాత్రం ప్రాణం.

దుబ్బాక నుంచి రాజేశం వచ్చాడు. మగ్గం నేసే మనిషి, యాభైకి దగ్గర పడ్డాడు. కొత్త ఇంటి ముందుగదిలో పెట్టుకోవడానికి అమ్మానాన్నల బొమ్మ కావాలన్నాడు. తల్లి లచ్చవ్వ అతను చంకలో ఉండగానే పోయింది. తండ్రి మహారాష్ట్రలోని భివండీలో మరమగ్గాల మీద పని చేసి, ముసలితనంలో ఇల్లు చేరి, మొన్నీమధ్యే పోయాడు. ఇద్దరూ కలిసి దిగిన ఫోటో ఒక్కటీ లేదు.

"ఒక్కపారన్న ఇద్దర్ని ఒక్కకాడ చూసుకుంట మేడం" అన్నాడు. ఆ మాటకే నా మనసు కరిగింది.

తండ్రిది కంపెనీ గుర్తింపు కార్డు ఫోటో. తల్లిది ఎవరిదో పెళ్లి ఫోటోలోంచి కత్తిరించిన ముక్క. జంట బొమ్మల్లో నాకో అలవాటు ఉంది. మగాయన చూపు నేరుగా పెట్టి, ఆవిడ కళ్లు కొంచెం ఆయన వైపు తిప్పుతాను. చూసేవాళ్లకు అన్యోన్యంగా కనిపిస్తారు. ఎవరూ అడగరు, నేనే చేస్తాను. లచ్చవ్వకూ అలాగే గీసి, సాయంత్రం ఫోనులో ఫోటో తీసుకుని, తాళం వేసి వెళ్లాను.

పొద్దున షట్టరు ఎత్తేసరికి లచ్చవ్వ కళ్లు తిరిగి ఉన్నాయి. భర్త వైపు కాదు, బొమ్మ అంచు వైపు, అవతలి గోడ వైపు.

ఫోను తీసి చూశాను. నిన్నటి ఫోటోలో భర్త వైపే చూస్తోంది. నేను వాడే రంగు తొందరగా ఆరిపోతుంది, జారదు. తాళంచెవి ఉన్నది నా దగ్గరే. నాకే మతి పోయిందేమో అనుకుని కళ్లు మళ్లీ దిద్దాను. మర్నాడు పొద్దున మళ్లీ గోడ వైపే.

ఆ రోజే రాజేశం తనను పెంచిన పెద్దమ్మను వెంటబెట్టుకుని బొమ్మ చూడటానికి వచ్చాడు. జరిగింది జరిగినట్టు చెప్పి ఫోను చూపించాను. నన్ను పిచ్చిదనుకుంటారనుకున్నాను. పెద్దమ్మ బొమ్మ ముందు నేల మీద కూలబడింది.

"గిది గట్లనే ఉంటది బిడ్డా. నీకంటె పెద్దది, నీ అక్క, జరమొచ్చి సచ్చిపోతె మీ బాపు భివండి నుంచి మట్టియ్య గూడ రాలే. నేను సచ్చినా నీ మొఖం జూడ అని మీ బాపుకు చెప్పి ఒట్టు వెట్టుకున్నది నా చెల్లె."

ఆ అక్క సంగతే రాజేశానికి తెలియదు. అంత మనిషీ నా మడిగెలో నిలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు. కళ్లు తుడుచుకుని అన్నాడు.

"నన్ను నడుమల కూసోబెట్టు మేడం. నన్నన్న జూస్తది గద."

రాజేశం ముఖాన్నే చంటిపిల్లాడి ముఖంగా చేసి ఇద్దరి మధ్యా గీశాను. లచ్చవ్వ చూపు పిల్లాడి మీద పెట్టాను. పొద్దున షట్టరు ఎత్తాను. కళ్లు కదలలేదు. ఫోటో తీసి, బొమ్మ అప్పగించేశాను. గృహప్రవేశానికి వెళ్లి భోజనం కూడా చేసి వచ్చాను. పీడ వదిలిందనుకున్నాను.

పెత్రమాస నాడు, అంటే పెద్దల అమావాస్య నాడు, రాజేశం ఫోన్ చేశాడు. పెద్దల పేరన బియ్యం ఇచ్చి, బొమ్మకు దండ వేయబోతూ చూశాడట.

"మేడం, బాపు కండ్లు గిట్ల గీసినవా?"

నేను గీసింది నేరుగా చూసే కళ్లు. గుర్తింపు కార్డులో ఉన్నట్టే. నా ఫోనులో ఆ ఫోటో ఇప్పటికీ ఉంది. ఆగలేక బస్సెక్కి దుబ్బాక వెళ్లాను. లచ్చవ్వ పిల్లాణ్ణి చూస్తూనే ఉంది. తండ్రి మాత్రం కళ్లు దించుకుని ఉన్నాడు.

వేలితో తడిమి చూశాను. కుంచె జాడలు నావే. నేను దిద్దలేదని మాత్రం ఒట్టేసి చెప్పగలను. ఇదెలా జరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ కళ్లు మళ్లీ పైకెత్తమని రాజేశం అడగలేదు. అడిగినా నేను కుంచె ముట్టను.