మూడో పిలుపు

దయ్యాల్ని నమ్మనని చెబితే నా విషయంలో అది తక్కువ మాట. పూనకం వచ్చినవాళ్ల ఎదుట కుర్చీ వేసుక్కూర్చుని ప్రశ్నలడిగినదాన్ని. బాణామతి పేరుతో మనుషుల్ని కొట్టే ఊళ్లకు వెళ్లి వాదించి వచ్చినదాన్ని. ఇది రాస్తున్నదీ ఆ మనిషే.

కిందటి వేసవిలో అమెరికాలో, శాంటా క్లారాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా ఆడపడుచు రమ్య దగ్గరికి వెళ్లాను. ఒక శనివారం తను నన్ను కొండల్లోకి తీసుకెళ్లింది. ఎప్పుడో పేలి చల్లారిన అగ్నిపర్వతం. నల్లటి బూడిదరాళ్ల మధ్య నుంచి పైన్ అడవిలోకి కాలిబాట. బాట పక్కనే ఒక పల్లం. అందులో చెట్లన్నీ నిలువునా ఎండి తెల్లబడ్డాయి. అక్కడ భూమిలోంచి బొగ్గుపులుసు వాయువు వస్తుందనీ, దిగితే ప్రాణాపాయమనీ బోర్డు ఉంది. ఇద్దరం చదివాం.

రమ్య గొంతు తగ్గించింది. "వదినా, ఇలాంటి చోట ఎవరైనా పిలిస్తే వెంటనే పలక్కు. మూడోసారి పిలిస్తేనే పలకాలంట. అమ్మ చెప్పేది."

"అత్తయ్యగారి దయ్యాలకు రెండు దాకానే లెక్కలొచ్చా? మాస్టర్స్ చేసినదానివి, సిగ్గులేదూ?"

"సరే తల్లీ, నువ్వు ఫస్ట్ రింగ్‌కే ఎత్తెయ్!" అని నవ్వి, ఫొటోలు తీసుకుంటూ వెనకబడింది.

కాసేపటికి ఎగువ నుంచి రమ్య గొంతు. "వదినా!"

నన్నెప్పుడు దాటిపోయిందా అనుకున్నాను. ఆటపట్టిస్తోందని తోచింది. పంతంగా మొదటి పిలుపుకే "వస్తున్నా!" అని అరిచి పైకి ఎక్కాను. రెండో పిలుపు రాలేదు.

గట్టు మీద ఎవరూ లేరు. వెనక్కి తిరిగితే, కింద ఆ ఎండిన చెట్ల మధ్య రమ్య ఎర్ర స్వెట్టర్ కనిపించింది. బోర్లా పడి ఉంది.

పడుతూ లేస్తూ దిగాను. ఊపిరి బిగబట్టి, దారినపోయే ఇద్దరి సాయంతో కాళ్లు పట్టి బయటికి లాగాను. ఇంకాస్త ముందు లాగి ఉంటే బాగుండేదని డాక్టర్ అంది. నేను ఆ గట్టు ఎక్కిన సేపది.

రమ్య బతికింది. కోడ్ రాసిన చేతిలో ఇప్పుడు చెంచా నిలవదు. ఒక్కో మాట కోసం తడుముకుంటుంది.

నేను విన్నది ప్రతిధ్వని అనుకుందామంటే, తను పిలవనేలేదంటుంది. వాయువు నా బుర్రను తికమకపెట్టిందనుకుందామంటే, నేనున్నది గాలి వీచే బాట మీద.

మాట వచ్చాక, బోర్డు చదివి కూడా ఎందుకు దిగావని అడిగాను.

"నువ్వే కదా... కింద నుంచి పిలిచావు. పలకలేదు నేను. మూడోసారి... పిలిచాకే దిగాను." నా వైపు తిరిగింది. "నన్ను దింపి... ఎక్కడికి పోయావు, వదినా?"

నేను పిలవలేదు. ఎన్నిసార్లు చెప్పినా నమ్మదు. రుజువేదీ అంటుంది. జీవితమంతా నేను అందర్నీ అడిగింది అదే. నా దగ్గర లేదు.